పిడికెడు బియ్యం లెక్క

చిరంజీవి అమ్మడికి,

తాతయ్య ప్రేమతో రాసే ఉత్తరం. ప్రభువు నామంలో నీకు శుభములు.

మొన్న శనివారం రాత్రి మీ అమ్మ ఫోను చేసి, వేదాంత కళాశాలలో నీ చదువు పూర్తయిందని, జూన్ నుంచి మిషను ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డుకు చాప్లిన్‌గా, అంటే రోగులకు ఆత్మీయంగా తోడుండే సేవకురాలిగా, వెళ్తున్నావని చెప్పింది. "దేవునికి స్తోత్రం" అన్నాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ మామయ్యలిద్దరూ వేరే ఉద్యోగాల్లో స్థిరపడినప్పుడు, మన ఇంట్లో ఈ సేవ నాతోనే ఆగిపోతుందని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నా ఒళ్ళో కూర్చుని కీర్తనలు కంఠతా పట్టిన పిల్ల దాన్ని అందుకుంటుందని ఊహించలేదు. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. కాని తల్లీ, నువ్వు వెళ్తున్న చోటు గుడి కాదు. గుడికి వచ్చేవాళ్ళు ఎంత దుఃఖంలో ఉన్నా ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కొంత తేరుకుని వస్తారు. ఆసుపత్రిలో మనుషులు తేరుకోకముందే నువ్వు వాళ్ళ ఎదుటికి వెళ్ళాలి.

మీ అమ్మ చివర్లో ఇంకో మాట చెప్పింది. నీతిగా బతికినవాళ్ళను కష్టకాలంలో దేవుడు ఆదుకుంటాడా అని రోగులు అడిగితే ఏం చెప్పాలో తాతయ్యను అడగమన్నావట. ఆ ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పడం నావల్ల కాలేదు. 48 ఏళ్ళ క్రితం ఒక తల్లి నన్ను సరిగ్గా అదే అడిగింది. నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు ఆమెను ఏం చేసిందో నీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది మీ అమ్మకు గాని మామయ్యలకు గాని నేనెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మమ్మకు మాత్రం తెలుసు.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. ఏదైనా తిని వార్డుకు వెళ్ళు. ఖాళీ కడుపుతో ఎదుటివాళ్ళ బాధ వినలేం. లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ చేతులు కడుక్కో. కీమో ఎక్కించుకున్నవాళ్ళకు చిన్న జలుబు కూడా ప్రమాదమే కాబట్టి, నీకు తుమ్ములు మొదలైన రోజున వాళ్ళ దగ్గరికి పోవద్దు. నిలబడి మాట్లాడకు, స్టూలు లాక్కుని కూర్చో. మంచం నంబరుతో పిలవకు, పేరు తెలుసుకో. కొందరికి వాళ్ళ జబ్బు పేరు ఇంట్లోవాళ్ళు చెప్పి ఉండరు. "గడ్డ" అనో "పుండు" అనో అనుకుంటూ ఉంటారు. సిస్టరమ్మను ముందే అడిగి, రోగి ఏ మాట వాడితే నువ్వూ ఆ మాటే వాడు. గొంతుకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని వచ్చినవాళ్ళకు నోరు ఎండిపోయి ఉంటుంది, వాళ్ళను ప్రశ్నలు అడిగి మాట్లాడించకు. వరండాలో చాప వేసుకుని పడుకునే వాళ్ళ మనుషులను మరిచిపోకు. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం పొద్దుటినుంచి కిటికీల చుట్టూ తిరిగి వచ్చిన ఒక భర్తను "టీ తాగారా" అని అడిగిన తర్వాతే ప్రార్థన సంగతి. ప్రార్థన అడిగి చెయ్యి, చిన్నదిగా చెయ్యి. మందులు మానమని ఎవరితోనూ, ఏ పరిస్థితిలోనూ అనకు. అలా అనేవాళ్ళు వార్డులోకి వస్తే, పెద్దవాళ్ళని మొహమాటపడకుండా నువ్వే అడ్డుపడు.

ఇవన్నీ వారం రోజుల్లో నీకే తెలిసిపోతాయి. నా భయం వీటి గురించి కాదు. నీకు చిన్నప్పటినుంచీ జవాబు తెలిసి ఊరుకోవడం చేతకాదు. బైబిలు క్విజ్‌లో ప్రశ్న సగంలో ఉండగానే చెయ్యి ఎత్తేదానివి, బహుమతి పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చేదానివి, నేను మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ చెయ్యే నన్ను భయపెడుతోంది. నీ వయసులో నేనూ అలాగే ఉండేవాణ్ణి.

1977 జూలైలో నాకు మొదటి సంఘాన్ని అప్పగించారు. దివిసీమలో, నాగాయలంకకు దక్షిణంగా, రాత్రిళ్ళు సముద్రపు హోరు వినబడే పల్లె. నాకు 26 ఏళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. అరవై గడపలు, అన్నీ తాటాకు ఇళ్ళే, మట్టిగోడల గుడి. ఆ సంఘంలో ముప్పై ఏళ్ళ వయసున్న ఒక అమ్మ ఉండేది. భర్త చేపలు పట్టేవాడు, ఆమె పొలం పనికి వెళ్ళేది, ముగ్గురు పిల్లలు. పిడికెడు బియ్యం గురించి నువ్వు విని ఉంటావు గాని చూసి ఉండవు. మన పల్లెల్లో ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుని పేరున తీసి వేరే కుండలో వేసేవారు. వారమంతా పోగైన ఆ బియ్యాన్ని శనివారం సాయంత్రం తెచ్చి గుడిలో డబ్బాలో పోసేవారు. అవి అమ్మగా వచ్చిన డబ్బుతోనే గుడికి దీపం నూనె, పాస్టరుకు ఇచ్చేదాంట్లో కొంత వచ్చేవి. చేతిలో రూపాయి ఆడనివాళ్ళు ఇచ్చే కానుక అది. ఆ అమ్మ తెచ్చే బియ్యంలో ఒక్క రాయి ఉండేది కాదు. ఇంట్లో తాము తినే బియ్యం ఏరడానికి తీరిక దొరికేదో లేదో గాని, దేవుడి బియ్యం మాత్రం ఏరి తెచ్చేది.

నవంబరు 18వ తేదీ శుక్రవారంనాడు పంటి నొప్పి భరించలేక నేను విజయవాడ వెళ్ళాను. పన్ను తీశారు. నెత్తురు ఆగకపోవడంతో రాత్రికి అక్కడే ఉండిపొమ్మన్నారు. మర్నాడు, 19వ తేదీ శనివారం, ఉప్పెన వచ్చింది. దాదాపు 20 అడుగుల ఎత్తున సముద్రం ఊళ్ళ మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లో దాదాపు 10 వేలమంది పోయారు. అంతకంటే చాలా ఎక్కువేనని దివిసీమలో ఎవరిని అడిగినా చెప్తారు. సొర్లగొంది వంటి ఊళ్ళు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. దొరికినంత దూరం లారీ మీద, మిగిలింది బురదలో నడిచి, నేను బుధవారానికి మా పల్లె చేరాను. దారిలో తుమ్మచెట్లకు చీరలు తగులుకుని ఉన్నాయి. అన్నీ ఒట్టి చీరలు కావు. ఇంతకంటే రాయను. మా అరవై గడపల్లో మిగిలినవాళ్ళు నలభైమంది కూడా లేరు. గుడికి వెనక గోడ ఒక్కటే నిలిచింది.

ఆ అమ్మ బతికింది. భర్తా, ముగ్గురు పిల్లలూ పోయారు. చంటిపిల్లను కొంగుతో నడుముకు కట్టుకుని తాటిచెట్టును కావలించుకుందట. తెల్లవారేసరికి కొంగు ముడి అలాగే ఉంది, పిల్ల లేదు.

తర్వాతి ఆదివారం ఆ వెనక గోడ నీడలో కూడుకున్నాం. నేను లేచి సాక్ష్యం చెప్పాను. పంటి నొప్పి అనే నెపంతో నన్ను ఊరు దాటించి కాపాడిన దేవుణ్ణి స్తుతించాను. తనను నమ్మినవాణ్ణి దేవుడు ఎన్నడూ విడిచిపెట్టడని, దవడ వాపు ఇంకా తీయని నోటితో, గట్టిగా చెప్పాను. నా ఎదుట కూర్చున్నవాళ్ళలో ఇంట్లో మనిషిని పోగొట్టుకోనివారు ఒక్కరు లేరు. నన్ను విడవలేదంటే వాళ్ళను విడిచాడని అర్థం వస్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

కూడిక అయ్యాక ఆ అమ్మ దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, పిడికెడు బియ్యం ఏనాడూ మానలేదు. మరి నన్నెందుకు విడిచాడు? నాలో ఏం తప్పుంది?" అని అడిగింది. అప్పుడు నేను చేయవలసింది ఒక్కటే, ఆ బురదలో ఆమె పక్కన చతికిలబడడం. నేను బైబిలు తెరిచాను. తాను చిన్నవాడిగా ఉన్నప్పటినుంచి ముసలివాడయ్యేవరకూ, నీతిమంతులు విడువబడడం గాని వారి పిల్లలు భిక్షమెత్తడం గాని చూడలేదని కీర్తనకారుడు చెప్పే మాట, 37వ కీర్తన 25వ వచనం, ఆమెకు చదివి వినిపించాను. చదివి, ఎంతో మెత్తగా, "అమ్మా, వాక్యం అబద్ధమాడదు. మీకు తెలియకుండా ఏదైనా అడ్డు ఉందేమో, మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి" అన్నాను.

ఆమె పరీక్షించుకుంది. మూడో రోజున వచ్చి దొరికిందని చెప్పింది. ఆగస్టులో రెండోవాడికి జ్వరం వచ్చి నాలుగు రోజులు ఏమీ తినలేదట. జ్వరం దిగిన పూట వాడు ఆకలని ఏడిస్తే, ఇంట్లో గింజ లేక, దేవుడి కుండలోనుంచి రెండు పిడికెళ్ళు తీసి జావ కాచి తాగించింది. కూలి డబ్బులు వచ్చాక ఆ రెండు పిడికెళ్ళూ మళ్ళీ కుండలో వేసిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. "అదే అయి ఉంటుంది అయ్యగారూ" అంది. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె ముఖంలో, ఆ పది రోజుల్లో మొదటిసారి, కొంచెం నెమ్మది కనిపించింది. నాకూ నెమ్మది కలిగింది. ఈ మాట రాయడానికి నా చెయ్యి వణుకుతోంది, అయినా నీ కోసం రాస్తున్నాను. ఇంత ఘోరానికి ఒక కారణం దొరికింది, వాక్యం నిలబడింది, ఆమె అడిగిన ప్రశ్న బరువు నా మీదనుంచి దిగిపోయింది. ఆమె తల మీద చెయ్యి ఉంచి, ఆ పాపాన్ని క్షమించమని ప్రార్థన చేశాను. రెండు పిడికెళ్ళ బియ్యానికి తన ముగ్గురు బిడ్డలు చెల్లయ్యారని ఒక తల్లి నమ్ముతుంటే, నేను ఆమేన్ అన్నాను.

క్రిస్మసుకు గుడి డబ్బా నిండింది. అంత నాశనంలోనూ ఇంత ఇస్తున్నారని నేను సంఘాన్ని మెచ్చుకున్నాను. క్రిస్మసు వెళ్ళాక ఒక ముసలమ్మ నన్ను పక్కకు పిలిచి, సహాయ శిబిరంలో ఇచ్చే బియ్యాన్ని ఆ అమ్మ మొత్తంగా తెచ్చి డబ్బాలో పోస్తోందని, ఎవరైనా పిలిచి పెడితే ఒక ముద్ద, లేకపోతే పస్తు అని చెప్పింది. బాకీ తీర్చుకుంటోంది, తల్లీ. నేను రాసిచ్చిన బాకీ అది.

నేను బందరు వెళ్ళి, మా అందరికీ పెద్దదిక్కుగా ఉండే ఒక వృద్ధ పాస్టరు గారి ఎదుట ఇదంతా చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత యోబు గ్రంథం రెండో అధ్యాయం ఆఖరి వచనం చదవమన్నారు. ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు, పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబుతోపాటు నేల మీద కూర్చున్నారు, అతని బాధ ఎంత గొప్పదో చూసి ఒక్క మాటైనా పలకలేదు. "వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. ఆ తర్వాత నోళ్ళు తెరిచారు. నువ్వు ఆ ఏడు రోజులు కూడా కూర్చోలేదు. వెళ్ళి కూర్చో" అన్నారు.

తిరిగి వెళ్ళి ఆ అమ్మతో, నేను చెప్పింది తప్పని, ఆ రెండు పిడికెళ్ళకూ ఉప్పెనకూ ఏ సంబంధమూ లేదని చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. చాలాసేపు నా వైపే చూసి, "అయితే నా బిడ్డలు ఊరికే పోయారా అయ్యగారూ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ రాత్రి తాటిచెట్టును కావలించుకున్నట్టే ఆమె ఆ పాపాన్ని కావలించుకుని ఉంది. దాన్ని ఆమె చేతికి ఇచ్చిందీ నేనే, పెరికివేయబోయిందీ నేనే. నీ ఎదుట ఒక తల్లో తండ్రో అలా అడిగినప్పుడు నీకు తెలిసిన వచనాలన్నీ ఒక్కసారిగా నాలుక చివరికి వస్తాయి. అప్పుడు నోరు బిగపట్టుకో. చెప్పిన తర్వాత వెనక్కి తీసుకోవడానికి వీలులేని మాటలు అవి.

ఆ "ఊరికే" అన్న మాట నన్ను ఎన్నో ఏళ్ళు వెంటాడింది. యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో అపవాది, అంటే సాతాను, దేవుణ్ణి అడిగే ప్రశ్నలోనూ అదే మాట ఉంది: యోబు ఊరకయే నీయందు భయభక్తులు కలిగి ఉన్నాడా అని. చుట్టూ కంచె వేశావు, చేసిన పనినల్లా దీవించావు, అందుకని భక్తి చేస్తున్నాడు అని వాడి వాదం. నీతికి కూలి ఉంటుందన్న లెక్కను ఆ గ్రంథంలో మొదట ఎత్తినవాడు ఎవరో గమనించు. అంతకు నాలుగు వచనాల ముందు, యోబు పిల్లల కోసం ఏం చేసేవాడో చూడు. వాళ్ళు మనసులోనైనా దేవుణ్ణి దూషించి పాపం చేసి ఉంటారేమోనని తెల్లవారకముందే లేచి ఒక్కొక్కరి పేరునా బలి అర్పించేవాడు. అది అతని పిడికెడు బియ్యం. అయినా ఎడారి దిక్కునుంచి పెద్దగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలూ కొట్టింది, పదిమంది పిల్లలూ ఒకే పూట పోయారు. అతనిలో తప్పు లేదని దేవుడే చెప్పాడు, అయినా గాలి వచ్చింది. మనవాళ్ళు ప్రసంగాల్లో ఇష్టంగా ఎత్తుకునేది 42వ అధ్యాయం: 7 వేల గొర్రెలు 14 వేలయ్యాయని, 3 వేల ఒంటెలు 6 వేలయ్యాయని. పిల్లలు మాత్రం మళ్ళీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళే. ముందు పోయినవాళ్ళు తిరిగి రాలేదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర ఆ అధ్యాయం తెరవకు. తెరిస్తే దానిలో ఏడో వచనం నీకు నువ్వు చదువుకో. తన పక్షాన అంత బాగా వాదించిన స్నేహితుల మీద దేవుడు కోపగించాడు. తనను అన్ని అధ్యాయాలపాటు నిలదీసినవాడే యుక్తంగా పలికాడన్నాడు.

సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగిలినవాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని యేసుప్రభువే చెప్పాడు. దివిసీమలో ఆ ఒక్క మాట నాకు గుర్తు వచ్చి ఉంటే చాలునని ఎన్నిసార్లు ఏడ్చానో.

నీ వార్డులో సగానికి పైగా మన సంఘాలవాళ్ళు కారు. "ఏ జన్మలో ఏ పాపం చేశానో" అని ఎవరైనా అంటే, కర్మ గురించి వాదన పెట్టుకోకు, అవునని తల కూడా ఊపకు. ఆ మనిషి నీకు తన సిద్ధాంతం చెప్పడం లేదు, తన మీద తాను నేరం మోపుకుంటోంది. భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్న అదే రాముడి కోసం పన్నెండేళ్ళు గోల్కొండ చెరసాలలో ఉన్నాడని, దెబ్బలు తాళలేక రాముడికి చేయించిన నగలన్నింటి పేర్లూ ఖరీదులూ చెప్పి నిలదీశాడని, ఆ మాటలను తెలుగువాళ్ళు ఇన్ని వందల ఏళ్ళుగా భక్తిగానే పాడుకుంటున్నారని అవనిగడ్డలో ఒక మాస్టారు నాకు చెప్పారు. దేవుడి మీద కోపం వచ్చినవాళ్ళు నీ దగ్గర కూర్చుని ఆయన్ని తిడితే తిట్టనివ్వు. ముస్లిం సోదరులుంటే, మన యోబునే వాళ్ళు అయ్యూబ్ ప్రవక్త అంటారని, ఆయన సబర్ (ఓర్పు) గురించి వాళ్ళకు చిన్నప్పటినుంచీ తెలుసని గుర్తుంచుకో. నువ్వు చెప్పడానికి ముందు వాళ్ళు చెప్పేది విను.

ఇదంతా చదివి, మరి తాతయ్య దేవుడి దయను నమ్ముతున్నాడా అని నీకు సందేహం రావచ్చు. నమ్ముతున్నాను, అమ్మడూ. నీతిగా బతికినవాడి ఇంటి ముందు ఉప్పెన ఆగుతుందని నమ్మడం మానేశాను, అంతే. దయ రావడం నా కళ్ళతో చూశాను గాని, అది నీతికి కూలిగా రావడం ఎన్నడూ చూడలేదు. ఎవరి ద్వారా వస్తుందో కూడా మనం చెప్పలేం. నేను గోడ నీడలో సాక్ష్యం చెప్పుకుంటున్న ఆ రోజుల్లో, దివిసీమకు వచ్చి పనిచేసినవాళ్ళలో దేవుడే లేడని చెప్పే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు కూడా ఉన్నారు. నేను పిడికెడు బియ్యం లెక్క చూస్తున్నప్పుడు వాళ్ళు బియ్యం పంచుతున్నారు.

ఇంకో విషయం కూడా దాచను. ఆ లెక్క నాలోనుంచి పూర్తిగా పోలేదు. 2017లో మీ అమ్మమ్మకు జబ్బు ముదిరినప్పుడు, నువ్వు ఇంటర్ పరీక్షలకు చదువుతున్నావు, నీకు చాలా సంగతులు చెప్పలేదు. ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడి, "40 ఏళ్ళు నీ పని చేశాను, ఎండకూ వానకూ ఆగలేదు, ఎవరి సొమ్మూ తినలేదు" అని దేవుడికి ఒక్కొక్కటీ అప్పజెప్పాను. చెప్తుండగా నా గొంతులో ఆ అమ్మ గొంతు వినబడింది. పిడికెడు బియ్యం ఏనాడూ మానలేదు అయ్యగారూ అన్న గొంతు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మర్నాడు ఎవరో విశ్వాసి వచ్చి, నమ్మకంతో అడిగితే తప్పకుండా లేస్తారమ్మా అని మీ అమ్మమ్మకు చెప్పి వెళ్ళాడు. ఆమె "వందనాలు" అని చేతులు జోడించి, ఆయన వెళ్ళాక తలుపు వేయమంది. కీమో వల్ల ఆమెకు అరికాళ్ళు మండిపోతూ ఉండేవి. "మీరు నాకు వాక్యం చెప్పకండి, కాసేపు పాదాలు పట్టండి" అంది. కొబ్బరినూనె రాసి తెల్లవారేదాకా పట్టాను. మేమిద్దరం కలిసి చేసిన ప్రార్థనల్లో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది అదే.

నీకూ ఒక రోజు అలా వస్తుంది. వార్డునుంచి ఇంటికి వచ్చి, ఇంత సేవ చేస్తున్నానే, నాకెందుకిలా అయిందని అడుగుతావు. అడుగు. పాస్టరమ్మ అడగకూడదని ఎవరైనా అంటే, తాతయ్య అడిగాడని చెప్పు.

దివిసీమ సంగతి అక్కడితో వదిలేస్తే నీ మనసు కుదుటపడదు కాబట్టి మిగిలింది కూడా రాస్తాను. నేను ఆ సంఘంలో 1983 వరకూ ఉన్నాను. ప్రతి శనివారం సాయంత్రం ఆ అమ్మ గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది, నేనూ ఒక పక్కనుంచి ఏరేవాణ్ణి. మొదటి ఏడాది మేము మాట్లాడుకున్నది చాలా తక్కువ. తర్వాత ఆమె పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టింది, పెద్దదానికి ఈత ఎలా నేర్పిందీ, రెండోవాడు ఎంత మొండివాడో. తిండి మెల్లగా కుదురుకుంది. రెండు పిడికెళ్ళ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అక్కడినుంచి బదిలీ అయ్యే ముందు వానాకాలంలో ఒక శనివారం వెళ్ళేసరికి, పొయ్యి మీద జావ కాగుతోంది. పక్కింటి పిల్లకు మూడు రోజులుగా జ్వరమట, తల్లి పనికి వెళ్తూ ఈమె దగ్గర దింపి పోయింది. మూలనున్న దేవుడి కుండ మీద మూత తీసి ఉంది. నేను దానివైపు చూడడం ఆమె చూసింది. "రెండు పిడికెళ్ళు తీశాను అయ్యగారూ" అంది. గిన్నె దించి, గరిటెతో తిప్పుతూ, కాసేపాగి, "ఈసారి తిరిగి వెయ్యను" అంది. నేను ఏమీ అనలేదు. జావ చల్లారాలి కదా, గిన్నె అందుకుని ఊదుతూ కూర్చున్నాను.

మీ ఆసుపత్రి ఉన్న ఊరికి సముద్రం చాలా దూరమని మీ అమ్మ చెప్పింది. అయినా నువ్వు ఉండే గది పై అంతస్తులోనే తీసుకో, నా మాట కాదనకు. నవంబరులో సెలవు దొరికితే నా దగ్గరికి రా, ఆ నెలలో నాకు మనిషి తోడు కావాలి. ఉత్తరం రాయడానికి తీరిక లేకపోతే శనివారం సాయంత్రం ఫోను చెయ్యి. ఆ పూట నేను ఎక్కడికీ వెళ్ళను.

నీ తాతయ్య